కేన్సర్‌ను దాటి పదిహేనేళ్లు: ఇప్పుడు పింఛను గురించి ఆలోచించాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. వయసు 28, చేతికి వచ్చే జీతం నెలకు 82 వేలు. 2010లో, నాకు 13 ఏళ్లప్పుడు, తొడ ఎముకకు ఈవింగ్ సార్కోమా అనే కేన్సర్ వచ్చింది. కీమో ఇచ్చి, మోకాలి దగ్గర ఎముక తీసేసి లోహపు కీలు అమర్చారు. అది వదులైతే 2019లో మార్చారు, 4.2 లక్షలు అయింది. నాన్నగారు అప్పట్లో చేసిన అప్పులో 3.5 లక్షలు ఇంకా రెండు రూపాయల వడ్డీకి నడుస్తోంది. నా పేరున 4 లక్షల బ్యాంకు డిపాజిట్ ఉంది. నా ఖర్చులకు 30 వేలు, ఇంటికి 15 వేలు, చీటీకి 10 వేలు పోతాయి. కంపెనీ ఇచ్చే 5 లక్షల ఆరోగ్య బీమా తప్ప మరొకటి లేదు. చిన్ననాటి జబ్బు ఫారంలో రాయనక్కర్లేదని, ఏడాదికి 60 వేలు కట్టే, జీవిత బీమా, పొదుపు కలిసిన ఎండోమెంట్ పాలసీ కూడా తీసుకోమని ఒక ఏజెంటు చెబుతున్నారు. వచ్చే ఏడాది పెళ్లి. పీఎఫ్ తీసి నగలు కొందామని అమ్మ అంటోంది. ఎంతకాలం బతుకుతానో తెలియని నేను ముసలితనానికి దాచుకోవడంలో అర్థం ఉందా?

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలన్నింటికీ జవాబు దానిమీదే ఆధారపడి ఉంది. ఈవింగ్ సార్కోమా తిరగబెడితే ఎక్కువగా మొదటి కొన్నేళ్లలోనే తిరగబెడుతుంది, మీరు ఆ గండం దాటి పదిహేనేళ్లు కావస్తోంది. మీలాంటి వారి లెక్కలు చూసినప్పుడల్లా నాకు కలిగే భయం, వారు త్వరగా పోతారని కాదు. చాలాకాలం బతుకుతారు, ఆ బతుకులో శరీరానికి అప్పుడప్పుడూ మరమ్మతు ఖర్చు వస్తుంది, ఆ ఖర్చుకు బీమా దొరక్క దాచుకున్నదంతా కరిగిపోతుందన్నదే నా భయం. కాబట్టి మీకు 80 ఏళ్లు వస్తాయనే అనుకుని లెక్క వేస్తున్నాను.

డబ్బు కంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మీకు చికిత్స చేసిన ఆసుపత్రికి వెళ్లి చికిత్స సారాంశం రాయించుకోండి. ఏయే మందులు ఇచ్చారు, ఒక్కొక్కటి మొత్తం ఎంత మోతాదు, మనవాళ్లు కరెంటు పెట్టడం అనే రేడియేషన్ ఇచ్చారా, ఇస్తే ఎక్కడ, ఎంత అన్నది అందులో ఉండాలి. రేడియేషన్ సంగతి మీ ఉత్తరంలో లేదు. ఇన్‌పేషెంట్ల రికార్డులను వైద్యులు కనీసం మూడేళ్లు ఉంచాలని మన దేశపు వైద్య నియమాలు చెబుతాయి కనుక, పదిహేనేళ్ల నాటి కాగితం దొరకడం మీ అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. చెన్నై నుంచి ఒక తండ్రి తన కొడుకు కాగితాలను బట్టల కొట్టు సంచిలో వేసుకుని నా దగ్గరకు వచ్చారు. ఎక్స్‌రే ఫిల్ములు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, మెషీన్ రసీదుల మీద అక్షరాలు పూర్తిగా వెలిసిపోయాయి, కీమో మోతాదులు మాత్రం ఎవరో నర్సు బాల్‌పెన్నుతో రాసిన ఒక్క చార్టులో మిగిలాయి. ఆ చార్టును ఆ రోజే స్కాన్ చేయించాము. మీరూ ఈ నెలలోనే చేయించండి.

చికిత్స సారాంశం మీ ముందున్న ఖర్చుల పట్టిక కూడా. ఈవింగ్‌కు సాధారణంగా వాడే డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఏళ్ల తరువాత గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. మొత్తం మోతాదు శరీర ఉపరితలం చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే రెండేళ్లకోసారి ఎకో అనే గుండె స్కాన్ చేయించుకోవాలని అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఐఫాస్ఫమైడ్ అనే మరో కీమో మందు ఇచ్చి ఉంటే మూత్రపిండాల పరీక్షలు కూడా ఉంటాయి. ముంబైలోని టాటా మెమోరియల్‌లో చికిత్స ముగిసిన పిల్లల కోసమే 1991 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. బెంగళూరులో మిమ్మల్ని చూసే కేన్సర్ వైద్యుడిని అటువంటి పర్యవేక్షణ ఎక్కడ ఉందో అడగండి. ఈ పరీక్షలకు నెలకు 3 వేలు పక్కన పెట్టండి.

ఇక ఏజెంటు మాట. ఆయన చెప్పినట్లు అస్సలు చేయవద్దు. బీమా నియంత్రణ సంస్థ ఆరోగ్య బీమాకు పెట్టిన 2024 నిబంధనల ప్రకారం పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో గుర్తించిన లేదా చికిత్స, వైద్య సలహా పొందిన జబ్బునే ముందునుంచి ఉన్న జబ్బుగా లెక్కిస్తారు, దానికి నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బుకు క్లెయిము ఇవ్వని కాలం, మూడేళ్లకు మించకూడదు. అరవై నెలలు వరుసగా ప్రీమియం కట్టిన తరువాత వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమును తిరస్కరించకూడదు. ఏజెంట్లు చెప్పేది ఇంతవరకే. రుజువైన మోసానికి ఈ రక్షణ వర్తించదన్న మాట వారి నోట రాదు. ఫారంలో ఎప్పుడైనా కేన్సర్ వచ్చిందా అని అడిగితే లేదని రాయడం సరిగ్గా అటువంటి పనే. మీ తొడ మీది కుట్ల గుర్తు, ఎక్స్‌రేలో కనిపించే లోహం ఆసుపత్రిలో చేరిన మొదటి రోజే నిజం చెప్పేస్తాయి. ఉన్నది ఉన్నట్లు రాసి, చికిత్స సారాంశం, తాజా ఎకో జతచేసి రెండు మూడు కంపెనీలకు దరఖాస్తు చేయండి. కొందరు ప్రీమియం పెంచుతారు, కొందరు కాలిని శాశ్వతంగా మినహాయిస్తామంటారు, కొందరు కాదంటారు. కాలిని మినహాయించినా సరే, మిగిలిన శరీరానికి రక్షణ దొరుకుతుంది కనుక తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

అందరూ కాదన్నా కంపెనీ బీమా ఉంది. ఉద్యోగుల బృంద పాలసీలు చాలావరకు పాత జబ్బులను మొదటి రోజు నుంచే భరిస్తాయి, మీ అదనపు ప్రీమియంతో మొత్తాన్ని పెంచుకునే వీలు ఏటా ఒకసారి ఉంటుందేమో హెచ్ఆర్‌ను అడగండి. పెళ్లయ్యాక భర్త కంపెనీ పాలసీలో కూడా మీ పేరు చేర్పించండి. ఉద్యోగం మారేటప్పుడు రెండు కంపెనీల మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకుండా చూసుకోండి, జీతం పెంపు కంటే ముందు కొత్తచోట బీమా షరతులు చదవండి.

అప్పు విషయంలో ఆలోచించేదేమీ లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 3.5 లక్షలకు నెలకు 7 వేలు, ఏడాదికి 84 వేలు కడుతూ, 4 లక్షల డిపాజిట్ మీద 7 శాతం చొప్పున 28 వేలు సంపాదిస్తున్నారు. డిపాజిట్‌లో 2.5 లక్షలు తీసి వెంటనే కట్టేయండి. మిగిలిన లక్షకు వడ్డీ నెలకు 2 వేలే అవుతుంది, ఇంటికి పంపే 15 వేలలో ఇప్పుడు వడ్డీకి పోతున్న 7 వేలూ అలాగే కడుతూ పోతే దాదాపు 17 నెలల్లో అప్పు పూర్తిగా తీరుతుంది. నోటు వెనక్కి తీసుకునే రోజున నాన్నగారి పక్కన మీరు కూడా ఉండండి. ఆ అప్పు తన వల్లనే అన్న భారాన్ని బిడ్డలు ఎంతకాలం మోస్తారో నేను చూశాను, అది మీ తప్పు కాదు. డిపాజిట్‌లో మిగిలిన 1.5 లక్షలు ఆసుపత్రి అవసరానికి, ఎవరికీ చేబదులు ఇవ్వవద్దు.

కాలికి వేరే నిధి కావాలి. లోహపు కీలు జీవితాంతం ఉండదు, మీకిది అనుభవమే. మళ్లీ 2034 ప్రాంతంలో మార్చవలసి వస్తుందని, ఖర్చు ఏటా 10 శాతం పెరుగుతుందని అనుకుంటే 2019 నాటి 4.2 లక్షలు దాదాపు 17.5 లక్షలవుతుంది. నెలకు 10 వేలు, 7 శాతం రాబడితో తొమ్మిదేళ్లలో సుమారు 15 లక్షలు చేరుతుంది. తక్కువపడినది కంపెనీ బీమా నుంచి వస్తుంది. ఈ డబ్బును షేర్లలో పెట్టవద్దు, రికరింగ్ డిపాజిట్ చాలు.

ఎండోమెంట్ పాలసీ వద్దు, దాని రాబడి సాధారణంగా బ్యాంకు డిపాజిట్‌ను మించదు. పీఎఫ్ ముట్టుకోవద్దని అమ్మగారికి నా మాటగా చెప్పండి. దానితోపాటు ఉద్యోగి మరణిస్తే కుటుంబానికి 7 లక్షల వరకు ఇచ్చే ఈడీఎల్ఐ బీమా ఉంది, దానికి వైద్య పరీక్ష లేదు, మీ పరిస్థితిలో అది చిన్న విషయం కాదు. ఇంకా కావాలంటే 25 లక్షల వరకు ఇచ్చే సరళ్ జీవన్ బీమా అనే జీవిత బీమాకు, అక్కడ కూడా అన్నీ రాసి, దరఖాస్తు చేయవచ్చు. నగలకు చీటీ డబ్బు సరిపోయినంతవరకే చాలు, అయితే ఆ చీటీ రిజిస్టరైన కంపెనీదో కాదో చూసుకోండి.

ముసలితనానికి నెలకు 10 వేలు ఇండెక్స్ ఫండ్‌లో, అంటే షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్‌లో, వేయండి. అరవైకి బదులు 55కే పని ఆపవలసి వస్తుందని అనుకున్నాను, ఎందుకంటే రోజంతా నిలబడే, తిరిగే శక్తి ఆ కాలికి అప్పటికి తగ్గవచ్చు. 10 శాతం రాబడి వస్తే (ఇది హామీ కాదు) 27 ఏళ్లలో సుమారు 1.65 కోట్లు అవుతుంది, పీఎఫ్ దానికి అదనం.

పెళ్లికి ముందు ఒక మాట. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ తీసుకున్న ఆడపిల్లలలో కొందరికి అండాల నిల్వ త్వరగా తగ్గుతుంది. ఇప్పుడే గైనకాలజిస్టును కలిసి పరీక్ష చేయించుకోండి, అండాలు భద్రపరచే ఖర్చును చాలా పాలసీలు ఇవ్వవు కనుక మీ ఖర్చులు, చీటీ, పైన చెప్పిన 3 వేలు, 10 వేలు, 10 వేలు పోను నెలకు మిగిలే 4 వేలను దీనికి ఉంచండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మీ కాలికి 40 శాతం వైకల్యం అని ధ్రువీకరిస్తే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద హక్కులు, పాత పన్ను విధానంలో 75 వేల తగ్గింపు లభిస్తాయి. తీసుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. కాబోయే ఆయనకు జబ్బు సంగతి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పి ఉంటే, స్కాన్ చేసిన ఆ ఫైలు ఒక కాపీ ఆయన ఫోన్‌లో ఉండాలి, అర్ధరాత్రి ఏ అత్యవసర విభాగంలోనైనా డాక్టరు మొదట అడిగేది అదే. పెళ్లయ్యాక ఈపీఎఫ్‌లో నామినీ వివరాలు కొత్తగా నమోదు చేయడం మరచిపోకండి.