ఒకే వార్త టీవీలో, యాప్‌లో, యూట్యూబ్‌లో దాదాపు ఒకేసారి ఎలా వస్తుంది? ఒక్కోదానికి వేరే టీమ్ ఉంటుందా?

చాలా ఏళ్లు న్యూస్ ఛానల్ అవుట్‌పుట్ డెస్క్‌లో (వచ్చిన వార్తను తెరమీదికి సిద్ధం చేసి పంపే విభాగం) పనిచేశాను కాబట్టి ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. వార్త తెచ్చేది ఒకే టీమ్. దాన్ని బయటికి పంపేవాళ్లు మాత్రం వేర్వేరు. గొడవలన్నీ ఆ రెండో చోటే పుడతాయి.

రిపోర్టర్ పంపిన విజువల్స్, బైట్లు (మనుషులు మాట్లాడిన ముక్కలు) ఇంజెస్ట్‌లో, అంటే ఫుటేజీని సర్వర్‌లోకి ఎక్కించే చోట, దిగగానే అన్ని డెస్కులకూ కనిపిస్తాయి. టీవీ ప్రొడ్యూసర్ వాటిని రన్‌డౌన్‌లో (బులెటిన్‌లో ఏది ఎప్పుడు రావాలో రాసుకునే వరస) పెట్టుకుంటాడు, వెబ్ డెస్క్ కాపీ రాస్తుంది, సోషల్ మీడియా వాళ్లు నిలువు వీడియో కట్ చేస్తారు. ఒకసారి సేకరించిన దాన్ని పదిచోట్ల వాడుకోవడం ఇంటర్నెట్‌తో వచ్చిన తెలివేం కాదు. సీఎన్ఎన్ 1980 జూన్‌లో మొదలైతే, 1982లోనే రెండో ఛానల్ పెట్టి, అదే న్యూస్‌రూమ్ సరుకును అరగంటకోసారి తిప్పి తిప్పి చూపించింది. బీబీసీ అయితే 2023 ఏప్రిల్‌లో దేశీయ న్యూస్ ఛానల్‌నీ అంతర్జాతీయ ఛానల్‌నీ కలిపేసి, అవసరమైనప్పుడు మాత్రమే విడగొట్టే పద్ధతికి వచ్చింది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఎవరైనా చేసేది ఇదే.

‘దాదాపు ఒకేసారి’ అన్నారు కదా, ఆ దాదాపులో చాలా ఉంది. ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నా, సిగ్నల్ పైకెళ్లి కిందికి దిగడానికి పట్టేది పావు సెకను. యాప్‌లో అలా కుదరదు. లైవ్‌ను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. ఒక్కో ముక్క తయారవ్వాలి, సర్వర్‌కి చేరాలి, మీ ఫోన్‌లో రెండు మూడు ముక్కలు పోగవ్వాలి. అందుకే పక్కింటి టీవీలో వినిపించిన మాట మీ ఫోన్‌లోకి ఒక్కోసారి అర నిమిషం ఆలస్యంగా వస్తుంది. ఇది పెద్ద సమస్య కాదు. నన్ను బాధపెట్టేది వార్త చేరడంలో ఆలస్యం కాదు, దిద్దుబాటు చేరడంలో ఆలస్యం.

ఒక రాత్రి షిఫ్టులో ఉన్నాం. బస్సు లోయలో పడిందని ఫోన్ వచ్చింది. దగ్గర్లో ఉన్న రిపోర్టర్‌ని ఫోనోకి, అంటే ఫోన్‌లోనే లైవ్‌లో మాట్లాడించడానికి, తీసుకున్నాం. అక్కడున్న అధికారి చెప్పిన లెక్కే అతనూ చెప్పాడు: 14 మంది చనిపోయారు. వెంటనే బ్రేకింగ్ ప్లేట్ (తెరమీద వేసే అక్షరాల పట్టీ), స్క్రోలింగ్, యాప్ నోటిఫికేషన్, అన్నీ వెళ్లిపోయాయి. కాసేపటికి ఆస్పత్రి డాక్టర్ లైన్లోకి వచ్చి, చనిపోయింది 11 మందే, ముగ్గురు ఐసీయూలో ఉన్నారని చెప్పారు. టీవీలో మార్చడం క్షణాల పని. గ్రాఫిక్స్ కంప్యూటర్‌లో అంకె మారిస్తే తెరమీద మారిపోతుంది. వెబ్‌సైట్లోనూ మార్చారు. కానీ అప్పటికే డిజిటల్ టీమ్ ఎయిర్‌లో వెళ్లిన ముక్కను ఉన్నదున్నట్టు కోసి యూట్యూబ్‌లో పెట్టేసింది. ‘14 మంది మృతి’ అన్న ఎర్ర ప్లేట్ ఆ బొమ్మలోనే అతుక్కుపోయి ఉంది. యూట్యూబ్‌లో టైటిల్ మార్చొచ్చు, థంబ్‌నెయిల్ మార్చొచ్చు. వీడియో మాత్రం అదే లింకు మీద కొత్తది పెట్టడానికి వీల్లేదు. తీసేసి మళ్లీ అప్‌లోడ్ చేయాలి, అంటే వచ్చిన వ్యూస్ అన్నీ పోతాయి. తీసేయమని డెస్క్ నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా, డిజిటల్ షిఫ్ట్ ఇన్‌చార్జి టైటిల్ మార్చి ఊరుకున్నాడు.

తెల్లవారుజామున ఒకావిడ డెస్క్‌కి ఫోన్ చేసింది. ‘మా తమ్ముడు ఆ బస్సులోనే ఉన్నాడండీ. టీవీలో పదకొండు అంటున్నారు, మా వాళ్లు పంపిన మీ వీడియోలో పద్నాలుగు ఉంది. తర్వాత ఇంకో ముగ్గురు పోయారా?’ అని అడిగింది. ఆవిడకి ఆ రెండు అంకెల్లో ఏది ముందో ఏది వెనకో తెలియదు. తెలిసే దారి మేం ఉంచలేదు. ఆస్పత్రి నంబరిచ్చి, 11 అన్నదే తాజా సమాచారమని చెప్పాను. వీడియో మాత్రం మర్నాడు మధ్యాహ్నం దాకా అలాగే ఉంది.

దీనికి మందు ఎప్పుడో ఉంది. ప్రతి స్టూడియో నుంచీ ప్లేట్లు, స్క్రోలింగ్ లేని బొమ్మను విడిగా రికార్డ్ చేసుకోవచ్చు. క్లీన్ ఫీడ్ అంటాం. క్లిప్పులు దాన్నుంచే కోయాలి, అంకెలు కింద రాసే వివరణలో పెట్టాలి. అక్కడైతే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఎయిర్ రికార్డింగ్ నుంచి కోస్తే రెండు నిమిషాలు కలిసొస్తాయి, అంతే. ఆ రెండు నిమిషాల కోసమే ఇంత తంటా. టీవీ వాళ్లని రేటింగ్‌తో కొలుస్తారు, డిజిటల్ వాళ్లని వ్యూస్‌తో. దిద్దుబాటు ఎన్నిచోట్లకు చేరిందో కొలిచే మేనేజర్ నాకు ఎక్కడా తగల్లేదు.

ఇంకో బాధ కెమెరామన్లది. అడ్డంగా తీసే షాట్‌ని నిలువుగా కూడా కోసుకోవాలి కాబట్టి, మనిషిని ఎప్పుడూ మధ్యలోనే పెట్టమంటారు. వరద చూపించాలంటే నీళ్లు ఎంత మేర ఉన్నాయో కనపడాలా, వద్దా? రిపోర్టర్ సంగతి సరేసరి. ఒక చేత్తో మైకు, రెండో చేత్తో ఫేస్‌బుక్ లైవ్, చెవిలో పీసీఆర్ (స్టూడియో కంట్రోల్ రూమ్) నుంచి కేకలు. ఆ హడావిడిలో అధికారిని ‘ఈ లెక్క ఎవరిచ్చారు సార్?’ అని ఇంకొక్క ప్రశ్న అడిగే తీరిక అతనికి ఎక్కడుంటుంది?

తర్వాత నేను చేరిన డెస్క్‌లో ఒక నియమం పెట్టించాను. ప్రమాద వార్తల్లో మృతుల సంఖ్య ఖరారయ్యేదాకా, ఆ అంకె కనిపించే ఏ క్లిప్పూ బయటికి వెళ్లకూడదు. దీనివల్ల వ్యూస్‌లో వెనకబడిపోతున్నామని డిజిటల్ వాళ్లు ప్రతి మీటింగ్‌లోనూ ఫిర్యాదు చేసేవాళ్లు. నేనున్నన్నాళ్లూ దాన్ని మార్చనివ్వలేదు.