పాఠకుల ప్రశ్నలు: బ్రాన్‌వెన్ దిబ్బ, గెలెర్ట్ రాయి, హెడ్మిస్ట్రెస్ విగ్రహం

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. వేల్స్ గాథల్లోంచి ఒక స్త్రీని, చరిత్రలోంచి ఒక స్త్రీని ఎంచుకుని క్లాసులో రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఎవరైతే బాగుంటుంది? ఇంట్లో ఎలా తయారు చెయ్యాలి?
– ఒక తల్లి, కార్డిఫ్

జవాబు: గాథల్లోంచి బ్రాన్‌వెన్, చరిత్రలోంచి బెట్టీ కాంప్‌బెల్. రియానన్ కథ కూడా గొప్పదే గానీ, అందులో బిడ్డను చంపిందన్న నింద ఉంది. రెండు నిమిషాల్లో ఆ చిక్కుముడి విప్పలేరు.

బ్రాన్‌వెన్ కథ, వేల్స్ పాత గాథల సంపుటి 'మాబినోగి'లోని నాలుగు శాఖల్లో రెండోది. ఆమెను ఐర్లండ్ రాజు మథోలుఖ్‌కి ఇచ్చి పెళ్లి చేస్తారు. పుట్టింటివాళ్లలో ఒకడు చేసిన అవమానానికి కక్షగట్టి అత్తింటివాళ్లు ఆమెను వంటింట్లోకి తోస్తారు. ఆ మూడేళ్లలో ఆమె రొట్టెపిండి పిసికే తొట్టి అంచున ఓ స్టార్లింగ్ పిట్టను పెంచి, దానికి మాటలు నేర్పి, అన్న ఎలా ఉంటాడో చెప్పి, రెక్క మొదట్లో ఉత్తరం కట్టి పంపుతుంది. (స్టార్లింగ్ మన గోరింక కుటుంబంలోదే. బొమ్మ వెయ్యడానికి మీ పాపకు ఆ పోలిక పనికొస్తుంది.)

ఇక్కడ ఆగి పాప చేతికి కాగితం ఇవ్వండి. ఐర్లండ్ తీరంలో పందుల కాపర్లు పరుగున వచ్చి రాజుతో చెప్పిన మాట చదవండి: సముద్రం మీద అడవి కనబడింది, దాని పక్కనే ఓ కొండ కదిలొస్తోంది, కొండకో ఎత్తైన గట్టు, గట్టుకు రెండువైపులా రెండు చెరువులు. పది నిమిషాలు బొమ్మ వెయ్యనివ్వండి. విప్పి చెప్పడం ఆ తర్వాతే. అడవి అంటే ఓడల తెరచాప కొయ్యలు. కొండ ఆమె అన్న బ్రాన్, గట్టు అతని ముక్కు, చెరువులు కళ్లు. ఏ ఓడా మొయ్యలేనంత భారీకాయుడు కాబట్టి నీళ్లలో నడిచే వస్తాడు. కథలో కూడా ఈ పొడుపు విప్పేది బ్రాన్‌వెనే. ముందే చెప్పేస్తే ఆ సరదా పోతుంది. చాలామంది పెద్దవాళ్లు అదే చేస్తారు.

తర్వాతి భాగంలో ఓ పసివాణ్ణి మంటల్లో వేసే ఘట్టం ఉంది. ఎనిమిదేళ్ల పిల్లకు అన్న సముద్రం దాటడంతో ఆపినా తప్పులేదు. "తర్వాతేమైంది?" అని అడిగితే మాత్రం ఉన్నది చెప్పండి: యుద్ధం జరిగింది, బ్రాన్ వెంట వెళ్లినవాళ్లలో తిరిగొచ్చింది ఏడుగురే, ఆమె దుఃఖంతో చనిపోయింది.

బెట్టీ కాంప్‌బెల్ 1934లో కార్డిఫ్‌లోని బ్యూట్‌టౌన్‌లో పుట్టారు. టీచర్ కావాలని ఉందంటే, నల్లజాతి కార్మిక కుటుంబం పిల్లకు అది కుదిరే పని కాదని బడిలోనే నిరుత్సాహపరిచారు. ఆమె మౌంట్ స్టువర్ట్ ప్రైమరీ స్కూల్‌కు హెడ్మిస్ట్రెస్ అయ్యారు. వేల్స్‌లో ఆ పదవికి వచ్చిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. 2017లో మరణించారు. 2021 సెప్టెంబరులో సెంట్రల్ స్క్వేర్‌లో విగ్రహం పెట్టారు. రైల్వే స్టేషన్ ఎదురుగానే ఉంది, పాపను తీసుకెళ్లండి.

ఇద్దరి గురించీ కలిపి పన్నెండు వాక్యాలు మించొద్దు. ఒక్కో వాక్యం పక్కన "ఎలా తెలిసింది?" అన్న గడి గీయించండి. కథలోదైతే ఆకుపచ్చ, ఫొటో, రికార్డు, చూసినవాళ్ల మాట ఉంటే ఎరుపు. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆంగ్లసీ దీవిలో అలావ్ ఏటి ఒడ్డున 'బ్రాన్‌వెన్ సమాధి' అనే దిబ్బ ఉంది. 1813లో తవ్వితే కాలిన ఎముకలున్న కుండ బయటపడింది కూడా. "అయితే నిజంగా ఉండేదన్నమాట" అంటుంది పాప. ఆ దిబ్బ కంచుయుగం నాటిది. కథ మనకు పూర్తిగా దొరికేది 14వ శతాబ్దపు రాతప్రతుల్లో. కాబట్టి ఆ వాక్యానికి ఆకుపచ్చే.

ప్రశ్న: వేల్స్‌లోని గెలెర్ట్ కుక్క కథ అచ్చం మన ముంగిస కథలా ఉంది. నాలుగో తరగతిలో రెండూ కలిపి చెప్పొచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: నిక్షేపంగా. బోర్డు మీద రెండు నిలువు వరసలు గీసి, కాపలా ఎవరు, వచ్చిందెవరు, నోటికి రక్తం ఎందుకు, ఎవరు తొందరపడ్డారు అని అడుగుతూ పిల్లల చేతే నింపించండి. ఒకవైపు ముంగిస, పాము, ఇంకోవైపు వేటకుక్క, తోడేలు. పంచతంత్రం పహ్లవీ అనే పాత పారశీక భాషలోకి, అరబ్బీలోకి, అక్కణ్ణుంచి యూరప్ భాషల్లోకి వెళ్లింది. దారిలో ముంగిస కుక్కయింది. బెద్‌గెలెర్ట్ ఊళ్లో కుక్క సమాధి రాయి ఉంది కదా అంటారు. దాన్ని 18వ శతాబ్దం చివర్లో గోట్ హోటల్ నడిపిన డేవిడ్ ప్రిచర్డ్ పెట్టించాడని చెబుతారు. యాత్రికులొస్తే గదులు నిండుతాయి మరి! ఈ సంగతి చివర్లో చెప్పండి, ముందే చెబితే కథ విననే వినరు.

ప్రశ్న: మార్చి 1న వేల్స్ జాతీయ పండుగ సెయింట్ డేవిడ్స్ డేకి జెమైమా నికొలస్ వేషం వేస్తున్నాం. ఆమె నిజంగా ఉందా?
– స్వాన్సీ నుంచి ఓ తండ్రి

జవాబు: ఉంది. ఫిష్‌గార్డ్ ఊరి చెప్పులు కుట్టే మనిషి, 1832లో చనిపోయింది. 1797 ఫిబ్రవరిలో ఫ్రెంచి సైన్యం ఆ తీరంలో దిగడం, రెండు రోజులకే లొంగిపోవడం ఖాయమైన చరిత్ర. ఆమె గడ్డి ఎత్తే పంగలకర్రతో పన్నెండుమంది సైనికుల్ని పట్టుకుందన్నది ఊరివాళ్లు చెప్పుకుంటూ వచ్చిన మాట. ఎర్ర శాలువాలు కప్పుకున్న ఆడవాళ్లను చూసి ఫ్రెంచివాళ్లు సైనికులనుకున్నారన్నది అంతకన్నా బలహీనమైంది. అయినా వేషానికి ఆ ఎర్ర శాలువానే ప్రాణం, మానొద్దు. పంగలకర్ర మాత్రం అట్టతో చెయ్యండి. అసలు కర్రైతే గేటు దగ్గరే ఆపేస్తారు.

ప్రశ్న: ఈ పేర్లు పలికేదెలా?
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: వెల్ష్ స్పెల్లింగుల్లో ఎఫ్ ఒకటుంటే 'వ', రెండుంటే 'ఫ'. డబ్ల్యూ చాలాచోట్ల 'ఉ'. రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే నాలుకను 'ల' స్థానంలో పెట్టి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి ఊదాలి.