కొత్త రంగు చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు

ప్రశ్న: మాది పొదిలి. పాపని ఇంటర్‌లో చేర్పించి, జూన్ నుంచి నెల్లూరులోనే ఉందామనుకుంటున్నాం. మాగుంట లేఔట్‌లో పై అంతస్తులో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు చూశాం. కొత్తగా రంగులేశారు, నీటుగా ఉంది. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఇవాళే అడ్వాన్సు ఇచ్చేయండి" అంటున్నారు ఓనరు గారు. ఇచ్చేయమంటారా?
- ఒక పాఠకురాలు, పొదిలి

జవాబు: అప్పుడే వద్దమ్మా. ఆ "ఇంకో ఇద్దరు" నేను అద్దెకు చూసిన ప్రతి ఇంటికీ ఉన్నారు, వాళ్ల గురించి టెన్షన్ పడకండి. ఇంకోసారి వెళ్లండి, ఈసారి ఓనరు రమ్మన్న టైముకి కాకుండా మధ్యాహ్నం మూడింటికి. పై అంతస్తు కదా, పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే రాత్రి ఎలా ఉడికిపోతారో అక్కడే తెలిసిపోతుంది.

అసలు సంగతి వాన. నెల్లూరులో పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మీరేమో ఎండాకాలంలో చూస్తున్నారు, అందుకే స్లాబు కారుతుందో లేదో ఇప్పుడు కనిపించదు. నేనూ ఇలాగే తెల్లటి గోడలు చూసి మురిసిపోయి దిగాను, కార్తీకమాసంలో మంచం మీద బకెట్ పెట్టుకుని పడుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, రంగులేసేవాళ్లు అటక లోపలికి పెద్దగా పోరు. స్టూలెక్కి ఫోను లైటు వేసి చూడండి, పసుపుపచ్చ చారలుంటే అక్కడ నీళ్లు దిగినట్టే. కప్‌బోర్డు తలుపు తీయగానే ముక్క వాసన వచ్చినా, బాత్రూమ్‌కి అవతలి గోడ తడితే డొల్లగా మోగినా అనుమానించాల్సిందే.

నీళ్ల గురించి పొదిలి వాళ్లకి నేను చెప్పేదేముంది! కుళాయి మూతి దగ్గర తెల్లగా పొర కట్టిందేమో చూడండి, కడితే బోరు నీళ్లలో లవణాలు ఎక్కువన్నమాట. బాత్రూమ్‌లో ఒక బకెట్ నీళ్లు గుమ్మరించండి, తూము వైపు కాకుండా గుమ్మం వైపు వస్తే రోజూ మీకే చాకిరీ. మోటారు ఎన్నింటికి వేస్తారు, మేలో ట్యాంకరు తెప్పించారా అన్నది ఓనరుని కాదు, పక్క ఫ్లాటు ఆవిడని అడగండి.

కరెంటు మీటరు విడిగా ఉందా, పాత బిల్లు బాకీ ఉందా చూసుకోండి. పెద్ద వానకి రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లతో నిండిపోతుంది, పాప కాలేజీకి వేరే దారుందా అన్నదీ ఆలోచించుకోండి.

ఇక కాగితం. అద్దె ఒప్పందం చాలామంది 11 నెలలకే రాసుకుంటారు, అది మామూలే. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎంత పట్టుకుంటారో, మిగతా అడ్వాన్సు ఎన్ని రోజుల్లో ఇస్తారో మాత్రం అందులోనే రాయించండి, "మనలో మనకి ఎందుకమ్మా" అన్నా సరే. తాళాలు తీసుకున్న రోజే, సామాను దింపకముందే, ఇల్లంతా వీడియో తీసి ఓనరుకి కూడా వాట్సాప్‌లో పంపండి, ఆ అటకతో సహా.