భయపడింది నేనొక్కడినేనా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 16 ఏళ్ళు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కార్తీక మాసంలో ఒక ఆదివారం ఆరుగురు స్నేహితులం వనభోజనాలకని రాజమహేంద్రవరానికి ఎగువన గోదావరి ఒడ్డుకు వెళ్ళాం. భోజనాలయ్యాక, పాయకు అవతల కనిపిస్తున్న ఇసుకతిప్ప మీదికి నడిచి వెళ్దామని ఒకడు పందెం కాశాడు. ఊరి చెరువులో కొద్దిగా ఈత నేర్చుకున్నాను కనుక నేనూ హుషారుగానే దిగాను. మొలలోతుకు వచ్చేసరికి కాళ్ళ కింద ఇసుక జారిపోసాగింది. ఒక్కసారిగా గుండె దడదడలాడి, అడుగు ముందుకు పడక, వెనక్కి వచ్చేశాను. దిగడానికి చొక్కా విప్పి ఒడ్డున నిలబడ్డ ఇంకొక అబ్బాయి నన్ను చూసి మళ్ళీ చొక్కా తొడుక్కున్నాడు. మిగతా నలుగురూ తిప్ప మీదికి చేరి వీడియో తీసుకున్నారు. అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపులో నన్ను 'పిరికోడు' అనే పిలుస్తున్నారు. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ అక్కడికే వెళ్ళాలని, ఈసారి నేను దాటి తీరాలని అంటున్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను నిజంగా పిరికివాడినేనా? ఈ భయాన్ని ఎలా పోగొట్టుకోవాలి?
– ఒక విద్యార్థి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: నాయనా, నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. హుషారుగానే దిగానని నువ్వే రాశావు. అంటే ఒడ్డున నిలబడ్డప్పుడు నీకు భయం లేదు, మోకాలిలోతులోనూ లేదు. కాళ్ళ కింద ఇసుక జారిన ఆ క్షణంలోనే కలిగింది. పిరికితనమే అయితే నిన్ను నీటిదాకా రానిచ్చేదే కాదు. నది ఏం చేస్తున్నదో నీ అరికాళ్ళకు ముందుగా తెలిసింది, అవి చెప్పిన మాటను నీ గుండె విన్నది, నువ్వు వెనక్కి తిరిగావు. ఈ భయాన్ని పోగొట్టుకోమని నేను నీకు చెప్పలేను.

ఆ క్షణంలో నీటిలో ఏం జరిగిందో నువ్వు తెలుసుకోవడం అవసరం. ప్రవాహంలో నిలబడ్డ మనిషి పాదం చుట్టూ నీరు సుడి తిరిగి ఇసుకను తోడేస్తుంది; నువ్వు కదలకుండా నిలబడ్డా నీ కింది నేల తరిగిపోతూనే ఉంటుంది. పైగా మొలలోతులో నీ ఒంటి బరువులో దాదాపు సగాన్ని నీరే మోస్తుంది కనుక, నేల మీద ఉండే పట్టులో సగం అప్పటికే పోయిందన్నమాట. ఇక ప్రవాహం నెట్టే బలం దాని వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది, మూడింతలయితే తొమ్మిదింతలవుతుంది. మన వాళ్ళు నీటి లోతును పిక్కలోతు, మోకాలిలోతు, మొలలోతు, పీకలోతు అని ఒంటితోనే కొలుస్తారు. ఆ కొలత చెరువుకు సరిపోతుంది గాని ఏటికి చాలదు, ఎందుకంటే పారే నీటిలో వేగం తెలియకుండా లోతు ఒక్కటీ తెలిసినందువల్ల ఉపయోగం తక్కువ. చెరువులో వచ్చిన ఈత ఏటిలో అక్కరకు రాకపోవడానికి కూడా ఇదే కారణం: చెరువులో అలిసిపోతే వెల్లకిలా తేలి కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చు, కానీ ఏటిలో ఆ కాసేపట్లోనే నీరు నిన్ను ఎక్కడికో తీసుకుపోతుంది.

మరి మిగతా నలుగురూ దాటారు కదా అని నీకు అనిపిస్తూ ఉంటుంది. దాటారు, నిజమే. కానీ వాళ్ళు దాటినందువల్ల ఆ పాయ నడవదగినదని తేలదు. ఆ రోజు, ఆ గంటలో, వాళ్ళు నడిచిన ఆ నాలుగు అడుగుల వెడల్పు దారిలో గుంత లేదని మాత్రమే తేలింది. గోదావరి అడుగు ఏటా వరదలతో మారుతుంది. యంత్రాలతో ఇసుక తవ్విన చోట గుంతల అంచులు నిటారుగా ఉంటాయి. మొలలోతులో నడుస్తున్న మనిషి తరువాతి అడుగు నిలువెత్తు నీటిలో పడవచ్చు, పైనుంచి చూస్తే ఆ తేడా ఏమాత్రం కనిపించదు. నేను గోదావరి ఒడ్డున పెరిగినదాన్ని. మా రేవులో పడవ నడిపే పెద్దాయన రోజూ తిరిగే దారిలో కూడా గెడ దించి లోతు చూసుకోకుండా పడవను తిప్ప వైపు మళ్ళించేవాడు కాదు. నదిలో జీవితమంతా గడిపిన మనిషి అంత జాగ్రత్తగా ఉంటే ఆయన్ను పిరికివాడని ఊళ్ళో ఎవరూ అనలేదు.

నది ప్రశాంతంగా కనిపించడమూ నమ్మదగిన సంకేతం కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు నిమిషాలలో ముంచెత్తి 24 మంది విద్యార్థులను తీసుకుపోయింది. ఆ పిల్లలు పందేలు కాయలేదు, తుంటరితనమూ చేయలేదు. నది తమకు కనిపించినట్టే ఉంటుందనుకున్నారు. ఆ వార్త విన్న రోజు నుంచి, నీటి అంచున ఫోను పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూస్తే నా మనసు మనసులో ఉండదు.

ఇక స్నేహితుల సంగతి. 'నలుగురితో నారాయణా' అన్నారు మన పెద్దలు. నీ వయసులో ఆ నలుగురి బలం ఎంతటిదో కొలిచి చూసినవారున్నారు. అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో, కంప్యూటరు మీద కారు నడిపే ఆటను ఒంటరిగా ఆడినప్పటికంటే తోటివారు చూస్తుండగా ఆడినప్పుడు 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు చాలా ఎక్కువ ప్రమాదాలకు సిద్ధపడ్డారు, 24 ఏళ్ళు దాటినవారిలో మాత్రం అటువంటి తేడా దాదాపు కనిపించలేదు. ఇది నీ స్నేహితుల చెడ్డతనం కాదు, నీ బలహీనతా కాదు. మెప్పు కోసం ఆరాటపడే భాగం మెదడులో ముందుగా చురుకవుతుంది, ఆగి ఆలోచించే భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఆ నలుగురిలో ఎవరినైనా ఒంటరిగా ఆ పాయ దగ్గర నిలబెట్టి ఉంటే దిగేవాడా అన్నది నువ్వు ఆలోచించవలసిన ప్రశ్న.

నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపింది, నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ చొక్కా. విప్పిన చొక్కాను అతను మళ్ళీ ఎందుకు తొడుక్కున్నాడు? అతనికీ దిగాలని లేదు. ఎవరో ఒకరు ముందుగా వెనక్కి వస్తే బాగుండునని ఎదురుచూస్తున్నాడు, నువ్వు వచ్చావు. 1950ల ప్రాంతంలో సాలమన్ యాష్ అనే శాస్త్రవేత్త గీతల పొడవును పోల్చే తేలికైన పరీక్ష ఒకటి పెట్టి, గదిలో మిగతావారందరి చేత కావాలనే తప్పు జవాబు చెప్పించాడు. ఒంటరిగా మిగిలినవారి జవాబులలో మూడో వంతు దాకా ఆ గుంపు వైపే మొగ్గాయి. గదిలో ఇంకొక్కరు సరైన జవాబు చెప్పినప్పుడు ఆ మొగ్గు అంతకు ముందున్న దానిలో దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. ఆ అబ్బాయికి ఆ ఇంకొక్కరివి నువ్వే. నువ్వు తిరిగి రాకపోయి ఉంటే ఆ రోజు నీటిలో ఆరుగురు ఉండేవారు.

ఎగతాళి వెంటనే ఆగుతుందని నీకు అబద్ధం చెప్పను. కొన్నాళ్ళు ఉంటుంది, బాధగానే ఉంటుంది. గ్రూపులో దానికి జవాబుగా వాదన పెట్టుకోకు. పదిమంది చూస్తుండగా ఎవరూ తగ్గరు. వాళ్ళలో నీకు బాగా దగ్గరైనవాడితో విడిగా, ఎదురుగా కూర్చుని, 'ఇసుక జారింది, నేను దిగను, మీరు దిగడం కూడా నాకు ఇష్టం లేదు' అని చెప్పు. సాకులు వద్దు, జ్వరమనో ఇంట్లో పని ఉందనో అంటే ఈసారికి తప్పించుకుంటావు, వాళ్ళు మాత్రం వెళ్తారు. పండుగకు కలుసుకోవడానికి ఇంకొక చోటు నువ్వే చూపించు. ఈత మీద నిజంగా మక్కువ ఉంటే శిక్షకుడున్న కొలనులో చేరు, కుదిరితే వాళ్ళనూ రమ్మను.

అయినా వెళ్తామంటే పెద్దవాళ్ళకు చెప్పవలసిందే. ఇది చాడీ కాదు. రేపు ఆ నలుగురిలో ఒకడు తిరిగి రాకపోతే, నాకు ముందే తెలుసన్న మాటను నువ్వు జీవితమంతా మోయవలసి ఉంటుంది. అంత బరువు నీ వయసు పిల్లవాడి మీద పడకూడదు. మీ నాన్నగారితో ముందు నీ సంగతి చెప్పు, తరువాత సంక్రాంతి సంగతి చెప్పు. ఒక కేక వేస్తారేమో, వెయ్యనీ.

ఇంకొకటి కూడా తెలుసుకో. మునిగేవాడు సాధారణంగా కేకలు పెట్టడు; ఊపిరికే వ్యవధి ఉండదు కనుక తల వెనక్కి వాల్చి, నోరు నీటి మట్టంలో ఉంచి, చేతులతో నీటిని కిందికి నొక్కుతూ చప్పుడు లేకుండా ఉంటాడు. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఎప్పుడైనా ఎవరినైనా అలా చూస్తే వెంట దూకవద్దు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోవడం మన నదుల దగ్గర తరచుగా వినే కథ. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యానో, పొడుగాటి వెదురుకర్రో, ముడివేసిన పంచెలో ఒడ్డునుంచే అందించి, దగ్గరలోని పడవవాళ్ళను పిలిచి, 112కు ఫోను చెయ్యాలి. రాత్రిళ్ళు ఆ క్షణం గుర్తుకొచ్చి నిద్ర పట్టకపోయినా, ఎగతాళి భరించలేనంతగా అనిపించినా 14416కు, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఫోను సేవకు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వీటన్నిటికంటే ముందు, ఈ రోజే ఒక పని చెయ్యి. చొక్కా మళ్ళీ తొడుక్కున్న ఆ అబ్బాయికి ఫోను చేసి, ఆ రోజు అతనికి ఏమనిపించిందో అడుగు. బహుశా అతను కూడా ఇన్నాళ్ళుగా తానొక్కడే భయపడ్డాననుకుంటున్నాడు.