ఇద్దరమే ఉన్నా ఊపిరాడటం లేదు

ప్రశ్న: నాకు 63, మావారికి 66. ఆయన రిటైరై ఏడాదిన్నర అయింది. ఉద్యోగం చేసే రోజుల్లోనే 'ఒక మోటార్‌హోమ్ కొనుక్కుని చలికాలమంతా ఎండ ఉన్న చోట గడుపుదాం' అనుకునేవాళ్లం. మంచం, వంటిల్లు అన్నీ లోపలే ఉండే బండి అది, ఇద్దరికీ ఇష్టమై కొన్నదే. నాలుగు నెలలుందామని వచ్చాం, ఎనిమిది వారాలు గడిచాయి. పగలు ఎండ బాగానే ఉంటోంది కానీ రాత్రిళ్లు సున్నాకి దిగిపోతోంది. ఆయన అయిదింటికే లేస్తారు. మంచం మడిస్తే తప్ప బల్ల వేసుకోవడానికి చోటుండదు కాబట్టి నేనూ లేవాల్సిందే. గిన్నెలు కడుగుతుంటే వెనక నుంచి 'నీళ్లు, నీళ్లు' అంటారు. లైటు వేస్తే బ్యాటరీ లెక్క చెబుతారు. గడప దాటితే 'ఎక్కడికి?' అని అడుగుతారు. ముప్ఫై అయిదేళ్ల కాపురంలో ఇన్ని మాటలు పడలేదు. పొద్దున చలికి స్టవ్ వెలిగించి, కిటికీలన్నీ బిగించి కూర్చుంటాం. దాదాపు రోజూ తలనొప్పితోనే నా రోజు మొదలవుతోంది. ఏడవాలన్నా ఈ బండిలో చోటు లేదు. పిల్లలు ఫోన్ చేసి 'బాగా తిరుగుతున్నారా' అంటే 'ఆ' అని పెట్టేస్తాను. వెళ్లిపోదామంటే ఆయన 'నువ్వూ సరేనన్నావుగా' అంటారు. తప్పు నాదేనా?

సమాధానం: మీ కన్నీళ్ల సంగతికి తర్వాత వస్తాను. ఉత్తరం మధ్యలో మామూలుగా రాసేసిన ఒక మాట చదివి నా గుండె ఝల్లుమంది. కిటికీలు బిగించి, స్టవ్ వెలిగించి కూర్చుంటున్నారు, రోజూ తలనొప్పి అంటున్నారు. దయచేసి ఆ స్టవ్‌ను చలి కాచుకోవడానికి ఇంకొక్క రోజు కూడా వాడకండి. గాలి ఆడని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుట్టవచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, తల తిరగడం, వికారం దాని తొలి గుర్తులు. బయటి గాలికి వెళ్తే తగ్గి, లోపలికి వస్తే మళ్లీ మొదలయ్యే తలనొప్పి అయితే, ఆయనకూ అలాగే ఉంటే, అనుమానం మరీ ఎక్కువ. వెంటనే డాక్టరుకు చూపించుకుని, బండిలో గ్యాస్ స్టవ్ వాడుతున్నామని మీరే చెప్పండి. అడిగేదాకా ఆగకండి. పడుకునే చోటికి దగ్గర్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి. అది మోగితే ఎక్కడ లోపముందో వెతుకుతూ కూర్చోవద్దు, ఇద్దరూ ముందు బయటికి వచ్చేయండి.

ఇంకో పని. బండి నేల మీద, పైకప్పులో గాలి కోసం వదిలిన కంతలుంటాయి. చలిగాలి వస్తోందని చాలామంది వాటిలో గుడ్డలు కుక్కేస్తారు. మీవారు కుక్కి ఉంటే ఈరోజే తీయించండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, కారితే కిందికే దిగుతుంది. నేల మీది కంత దానికి బయటికి దారి. వెచ్చదనానికి, పొగను బయటికి వదిలేలా బండికి బిగించిన హీటరు వాడండి. స్టవ్ మంట వల్ల మరో నష్టం కూడా ఉంది. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. ఆ ఆవిరంతా పోయేది మీ అద్దాల మీదికి, గోడల్లోకి, పరుపు కిందికి. ఒకసారి పరుపు ఎత్తి చూడండి, అడుగున చెమ్మ చేతికి తగులుతుంది. అలాగే వదిలేస్తే బూజు పడుతుంది.

ఇక మీరడిగిన దానికి. తప్పు మీది కాదు. ఆయనదని కూడా నేననను. 'ఇల్లు ఇరుకటం, ఆలి మర్కటం' అని సామెత. ఇరుకులో ఆలి ఒక్కతే కాదమ్మా, ఎవరైనా మర్కటమే అవుతారు. ఇంట్లో మీకు ముప్ఫై అయిదేళ్లు గొడవల్లేకుండా గడిచాయంటే అందులో మీ ఇద్దరి మంచితనంతో పాటు గోడల సాయం కూడా ఉంది. ఆయన ఆఫీసు గంటల సాయమైతే ఇంకా ఎక్కువ. కోపమొస్తే పక్కగదిలోకి పోయేవారు. సాయంత్రానికి అది దానంతటదే చల్లారేది. ఇప్పుడు పక్కగదీ లేదు, సాయంత్రం దాకా ఎడబాటూ లేదు. గోడలు చేసిన పనిని ఇక్కడ గడియారం చేత చేయించుకోవాలి. అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటారో, ఎవరు ఎప్పుడు ఎవరినీ పలకరించకూడదో ముందే అనుకోవాలి. మొగుడూ పెళ్లాల మధ్య ఈ ఒప్పందాలేమిటని మొదట్లో చిన్నతనంగా ఉంటుంది. ఇలా బళ్లలో నెలలు గడిపే దంపతులతో చాలాసార్లు మాట్లాడాను. సుఖంగా ఉన్నవాళ్లందరికీ ఇలాంటి ఒప్పందమేదో ఒకటి ఉంది.

మొదట మంచం సంగతి తేల్చండి. అయిదింటికి మీ నిద్ర పోతోంది. నిద్ర లేని మనిషికి 'నీళ్లు' అన్న మాట కూడా తిట్టులా వినిపిస్తుంది. చాలా మోటార్‌హోముల్లో డ్రైవరు సీటు వెనక్కి తిరుగుతుంది. మీదీ తిరిగేదైతే ఆయన పొద్దుటి గది అదే. సీటుకూ మంచానికీ మధ్య పైన ఒక తీగ కట్టి మందపాటి తెర వేలాడదీయండి. ఆయనకు తలకు పెట్టుకునే చిన్న లైటు, రాత్రే నింపి ఉంచిన ఫ్లాస్కు, చెవుల్లోకి ఇయర్‌ఫోన్లు చాలు. ఏడు దాకా మంచం మడిచేది లేదు, తెర తీసేది లేదు. సీటు తిరగదంటే పక్కసీటైనా సరే. ఈ ఒక్క మార్పు రెండు వారాలు చేసి చూడండి. మీ తగాదాల్లో సగం ఆ అయిదింటికే పుడుతున్నాయని నా అనుమానం.

నీళ్ల గొడవ వేరు. మీ ట్యాంకు ఎంతదో రాయలేదు. వంద లీటర్లదనుకుందాం. వంద లీటర్లంటే వంద కిలోలు. గొట్టం అందని చోట బండి పెట్టుకుంటే ఇరవై లీటర్ల క్యాన్లతో అయిదుసార్లు మోయాలి. వాడిన నీళ్లు మాయమైపోవు, అడుగున మురికినీళ్ల ట్యాంకు నిండుతుంది, దాన్నీ తీసుకెళ్లి పారబోయాలి. అరవై ఆరేళ్ల నడుముతో ఈ పని ఎవరు చేస్తున్నారు? ఆయనే అయితే, మీరు కుళాయి తిప్పినప్పుడల్లా ఆయన నడుముకు ఆ బరువు గుర్తొస్తోంది. బ్యాటరీ కూడా అంతే. మీ బండిలో ఉన్నవి లిథియం బ్యాటరీలైతే, సున్నా డిగ్రీల కంటే చల్లబడ్డప్పుడు వాటికి చార్జింగ్ పెట్టకూడదు, పాడైపోతాయి. పొద్దునే మీ మీద విసుక్కునే మనిషి రాత్రంతా ఆ లెక్కలతోనే పడుకున్నాడేమో. ఈసారి నీళ్లకు వెళ్లినప్పుడు మీరూ వెళ్లండి. ఒక క్యాను సగం నింపి మీరు మోయండి. సానుభూతి కోసం కాదు. ఆ లెక్క మీకూ తెలిస్తే ఆయన చెప్పాల్సిన పని ఉండదు, మీరు మాట పడాల్సిన పని ఉండదు. గిన్నెలు కడగడానికి రోజుకిన్ని లీటర్లని ఒక తొట్టిలో పట్టి పెట్టుకోండి. ఆ తొట్టి మీది. అందులో నీళ్లు మీరెలా వాడినా ఆయన నోరెత్తకూడదు.

1976లో రాబర్ట్ ఆచ్లీ అనే అమెరికన్ పరిశోధకుడు రిటైర్మెంటును దశలుగా విడదీసి చెప్పాడు. మొదట కొత్త మోజు. అది తీరాక ఒక నిరాశ. 'ఇదేనా నేను కోరుకున్నది' అనిపించే కాలం. తర్వాత మెల్లగా సర్దుకోవడం. అందరూ ఇదే వరసలో నడుస్తారని కాదు. మీవారికి మాత్రం ఆఫీసు పోయి ఏడాదిన్నర అయింది, మోజు తీరే వేళకు ఈ బండి దొరికింది. ఇప్పుడు ఆయన ఆఫీసు ఇదే. మీటర్లు చూడటం, లెక్క రాయడం, లోపం కనిపెట్టడం ఆయన డ్యూటీ. ఉన్న ఒకే ఒక్క సిబ్బంది మీరు! ఆయన్ను మార్చడం కంటే మీరు సిబ్బందిగా ఉండటం మానేయడం తేలిక. గ్యాస్ ఎక్కడ కట్టేయాలి, కరెంటు ఎక్కడ ఆపాలి, ట్యాంకు ఎలా ఖాళీ చేయాలి నేర్చుకోండి. ఖాళీ మైదానంలో బండి నడపడం కూడా నేర్చుకోండి. ఆయనకు ఒక అర్ధరాత్రి గుండెలో నొప్పి వస్తే ఏం చేస్తారు? బండి ఆగిన చోటి చిరునామా ఒక కాగితం మీద రాసి తలుపు పక్కన అతికించండి. చోటు మారినప్పుడల్లా కాగితం మార్చండి. కంగారులో అంబులెన్సుకు ఎక్కడున్నామో చెప్పలేని వాళ్లు చాలామంది ఉంటారు.

చలికని అద్దాలకు కట్టిన మందపు తెరలు పగలు కూడా అలాగే ఉంచేస్తున్నారా? అయితే మీరు ఎండ ఉన్న చోటికి వచ్చి చీకట్లో కూర్చుంటున్నట్టే. పగటి వెలుగు తగ్గే కాలంలో కొందరిని ఏటా కుంగుబాటు పట్టుకుంటుందని 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోజెంథాల్ బృందం వివరించింది. పొద్దు పొడవగానే తెరలు తీసి, ఒక అరగంట మీరొక్కరే బయట నడవండి. 'ఎక్కడికి?' అంటే 'నడకకి, అరగంటలో వస్తా' అనండి. అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు. ఇవన్నీ చేసినా రెండు వారాల పాటు దాదాపు రోజూ ఏడుపు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం ఉంటే మాత్రం అది బండి సమస్య కాదు, వైద్యం కావాలి. ఆలస్యం చేయకండి.

ఈ కింది నాలుగు మాటలు ఆయనకు చదివి వినిపించండి.

అయ్యా, ఈ బండిని మీరెంత శ్రద్ధగా చూసుకుంటున్నారో మీ భార్య ఉత్తరంలోనే తెలుస్తోంది. మీ జాగ్రత్త లేకపోతే ఈ చలికి గొట్టాలు ఎప్పుడో పగిలేవి. కానీ 'నువ్వూ సరేనన్నావుగా' అన్న మాట ఇక వద్దు. ఆమె సరేనన్నది మీతో గడపడానికి, రోజంతా లెక్క చెప్పుకోవడానికి కాదు. ఆమె బయటికి వెళ్తుంటే మీకు బెంగగా ఉంటే 'ఎక్కడికి' అనకండి, 'నువ్వు లేకపోతే తోచడం లేదు' అనండి. నిజంగా జరుగుతున్నది అదే అయితే, ఆ మాట వినే హక్కు ఆమెకుంది.

అమ్మా, తిరిగి వెళ్లడం గురించి రోజూ మాట్లాడుకోవద్దు. రోజూ మాట్లాడితే అది బెదిరింపులా వినిపిస్తుంది. ఇవాళ్టి నుంచి మూడు వారాల తర్వాత ఒక తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఆ రోజు ఇద్దరూ కూర్చుని, ఉందామా పోదామా అని అప్పుడే తేల్చుకోండి. పోదామనుకుంటే పోండి. నాలుగు నెలలని ఎవరికీ రాసివ్వలేదు. మూడు నెలలైనా నిండకుండా వచ్చేశామంటే ఓడిపోయినట్టు కాదు. వచ్చే ఏడాది ఆరు వారాలే అనుకోవచ్చు, లేదా రెండు వారాలు ఆయనొక్కరే ముందు వెళ్లి, మీరు తర్వాత కలవవచ్చు. పిల్లలకు ఈలోపు నిజం చెప్పండి. వాళ్లేదో సర్దిపెడతారని కాదు. అబద్ధం 'ఆ' చెప్పి ఫోన్ పెట్టేశాక మీరు మరీ ఒంటరి అవుతున్నారు.

స్టవ్ మానేసి, అలారం పెట్టాక తలనొప్పి ఏమైందో నాకు తప్పకుండా రాయండి. డాక్టరు ఏమన్నారో కూడా రాయండి.