విద్యార్థుల కోసం వేసే చిత్రకళా కోశంలో పేరున్న చిత్రకారుల బొమ్మలు అనుమతి లేకుండా వేసుకోవచ్చా?

నమస్తే అండి. మీరు అడిగింది ఇది: తెలుగు చిత్రకారుల మీద విద్యార్థుల కోసం ఒక కోశం తయారుచేస్తున్నారు. దామెర్ల రామారావు నుంచి బాపు దాకా ఒక్కొక్కరిదీ ఒక బొమ్మ వేయాలి. ‘చదువు కోసమే కదా, ఫెయిర్ యూజ్ కిందికి వస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు’ అని స్నేహితులు అంటున్నారు. నమ్మొచ్చా?

ఆ మాట మీద భరోసా పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసే రోజుల్లో, డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చునే పిల్లల కోసం మరో ఇద్దరు మాస్టార్లతో కలిసి ఒక చేతిపుస్తకం వేశాను. వెయ్యి కాపీలు. చిత్రకారుడికి ఒక పేజీ చొప్పున పైన బొమ్మ, కింద పుట్టిన ఊరు, చదువు, వచ్చిన బహుమతులు. బొమ్మలన్నీ ఇంటర్నెట్‌లో దొరికినవే. కింద చిన్న అక్షరాలతో ‘సేకరణ’ అని వేసి, మా బాధ్యత తీరిపోయిందనుకున్నాం.

పుస్తకం వచ్చిన మూడు వారాలకు ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. మేం బొమ్మ వేసిన ఒక చిత్రకారుడి కూతురు. కోపంగా మాట్లాడి ఉంటే నేనూ ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణేమో. ఆవిడ మెల్లగా, “బాబూ, అడిగి ఉంటే కాదనేదాన్ని కాదు. కానీ నాన్నగారి సంతకం ఏమైపోయింది?” అన్నారు.

పేజీ తీసి చూశాను. కొలతకు సరిపోవాలని డీటీపీలో కుడి పక్క అంగుళం మేర కోసేశాం. సంతకం ఆ అంగుళంలోనే ఉంది. మర్నాడు వాళ్లింటికి వెళితే హాల్లో అసలు బొమ్మ కనిపించింది. అందులో అమ్మాయి చీర నీలిమందు పెట్టి ఉతికిన బట్టలా లేత నీలం. మా పుస్తకంలో అదే చీర వంకాయ రంగులో ఉంది. ఆ పేజీ చూసే నేను పిల్లలకు ఆయన రంగుల గురించి పాఠం చెప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది.

ఆ తరువాతే చట్టం తెప్పించుకుని చదివాను. ముందుగా, ‘ఫెయిర్ యూజ్’ అనేది అమెరికా చట్టంలోని మాట. మన 1957 కాపీరైట్ చట్టంలో ఉన్నది ‘ఫెయిర్ డీలింగ్’. అది ఇంకా ఇరుకైనది. సెక్షన్ 52(1)(ఎ) ప్రకారం సొంత వాడకానికి, పరిశోధనకు, ఒక కృతిని విమర్శించడానికి లేదా సమీక్షించడానికి, వర్తమాన విషయాలు నివేదించడానికి వాడుకోవచ్చు. ‘విద్య’ అనే మాట ఆ జాబితాలో లేదు. చదువుకు సంబంధించిన మినహాయింపులు అదే సెక్షన్‌లో విడిగా ఉన్నాయి, అందరూ పొరబడేది అక్కడే.

వాటిలో ఒకటి, పాఠం చెప్పే క్రమంలో ఉపాధ్యాయుడో విద్యార్థో ఏ కృతినైనా పునరుత్పత్తి చేసుకోవచ్చు, పరీక్ష ప్రశ్నల్లోనూ వాడుకోవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫోటోకాపీ కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపుకు విశాలమైన అర్థమే చెప్పింది. అంటే క్లాసులో మీరు ప్రొజెక్టర్ మీద బాపు బొమ్మ చూపిస్తే టెన్షన్ పడాల్సిన పని లేదు. కానీ అచ్చేసి, ధర పెట్టి, షాపుల్లో అమ్మే పుస్తకం క్లాసురూమ్ కాదు.

రెండోది పాఠ్య సంకలనాల గురించి. బోధన కోసం వేసే సంకలనంలో ఇతరుల రచనల నుంచి చిన్న భాగాలు వేసుకోవచ్చని ఉంది. మా ప్రచురణకర్త నాకు చూపించింది ఈ నిబంధనే. నిదానంగా చదివితే, ప్రచురితమైన సాహిత్య, నాటక రచనల్లోని చిన్న భాగాలకే అది వర్తిస్తుంది. చిత్రాల ఊసే లేదు. నాకు అది న్యాయంగానే తోచింది. నవలలో ఒక పేరా వేస్తే నవల మిగిలే ఉంటుంది, బొమ్మ వేస్తే మొత్తం బొమ్మే వేసినట్టు.

కాబట్టి మీ కోశానికి మిగిలిన దారి ‘విమర్శ, సమీక్ష’ ఒక్కటే. అది మంచి దారి, కాకపోతే రాసే పద్ధతి మారాలి. పైన బొమ్మ, కింద జీవిత వివరాలు ఉంటే ఆ బొమ్మ అక్కడ అలంకారం మాత్రమే. అలా కాకుండా, బాపు బొమ్మలో గీత ఎక్కడ బరువెక్కిందో, ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ ఆపేసి మిగతాది చూసేవాళ్ల కంటికి వదిలేశారో మీరు చెబుతూ ఉంటే, ఆ బొమ్మ లేనిదే ఆ వాక్యాలు అర్థం కావు. అప్పుడది సమీక్ష. 1996లో సివిక్ చంద్రన్ కేసులో కేరళ హైకోర్టు చూసిన విషయాలు కూడా ఇంచుమించు ఇవే: వ్యాఖ్యతో పోలిస్తే ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు కృతికి ఇది పోటీ అవుతుందా. అది నాటకం గురించిన కేసే అయినా, నా ప్రతి పేజీనీ ఈ మూడింటితో సరిచూసుకుంటాను.

అమెరికాలో మీ పుస్తకానికి దగ్గరగా ఉండే కేసు ఒకటుంది. ఒక సంగీత బృందం చరిత్ర పుస్తకంలో డోర్లింగ్ కిండర్‌స్లీ సంస్థ పాత కచేరీ పోస్టర్లను బాగా చిన్నవి చేసి, ఏ ఏడాది విషయం పక్కన ఆ ఏడాది పోస్టర్‌ను పెట్టింది. హక్కుదారులు కేసు వేస్తే 2006లో అప్పీలు కోర్టు అది ఫెయిర్ యూజేనంది. చిన్న సైజు, చరిత్ర చెప్పడానికే వాడడం దానికి బలమయ్యాయి. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడవు. కానీ సైజు విషయంలో నేను దాన్నే పాటిస్తున్నాను: గీత తీరు తెలిసేంత ఉండాలి, పేజీ కత్తిరించి గోడకు తగిలించుకునేంత పెద్దగా ఉండకూడదు.

ఇక కాపీరైట్ గడువు సంగతి. చిత్రకారుడు చనిపోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లు. దామెర్ల 1925లో పోయారు, అడివి బాపిరాజు 1952లో. వారి బొమ్మలు నిశ్చింతగా వేసుకోండి. రవివర్మ (1906), అమృతా షేర్‌గిల్ (1941) కూడా అంతే. గ్యాలరీ వాళ్లు లోపల ఫోటో తీయనివ్వకపోవచ్చు, అది వాళ్ల గ్యాలరీ నియమం, కాపీరైట్ కాదు. నందలాల్ బోస్ 1966లో పోయారు కాబట్టి ఆయన బొమ్మలకు 2026 చివరి దాకా గడువుంది. వడ్డాది పాపయ్య 1992, అంటే 2052 దాకా. బాపు 2014, అంటే 2074 దాకా.

ఎవరిని అడగాలన్నది ఇంకో చిక్కు. బొమ్మ కొనుక్కుని గోడకు పెట్టుకున్నాయనకు, వేరే రాతకోతలు లేకపోతే, దాన్ని అచ్చేసే హక్కు రాదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా జరగాలి. పత్రిక డబ్బిచ్చి గీయించుకున్న ముఖచిత్రమైతే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కు గీయించుకున్నవాళ్లది కావచ్చు. అందుకని పాత పత్రికల బొమ్మలకు కుటుంబాన్నీ, పత్రికనూ ఇద్దరినీ అడగండి. ఎక్కువ కాపీలు వేసేట్టయితే ఒకసారి లాయర్‌కు చూపించండి.

సమీక్ష కిందికి వచ్చినా సరే, నేను మాత్రం అడిగే వేస్తాను. ఉత్తరంలో ఎన్ని కాపీలో, ధర ఎంతో, బొమ్మ ఏ సైజులో వస్తుందో, ఈ-బుక్ కూడా ఉందో లేదో రాస్తాను. కోయనని, రంగు మార్చనని, పేరు బొమ్మ కిందే వేస్తానని రాస్తాను. పేజీ ప్రూఫ్ జతచేస్తాను. ఇప్పటిదాకా ఇద్దరే కాదన్నారు, వాళ్ల బొమ్మలు లేకుండానే వాళ్ల గురించి రాశాను.

ఆ పెద్దావిడ విషయం పూర్తి చేయలేదు. మిగిలిన ఆరువందల కాపీల్లో ఆ పేజీ మీద, ఆవిడ ఇచ్చిన ఫోటోతో అచ్చేయించిన కాగితం మేం ముగ్గురం కూర్చుని రెండు సాయంత్రాలు అంటించాం. రెండో ముద్రణకు ముందే ప్రూఫ్ పంపాను. ఆవిడ పెన్సిల్‌తో ఒక్కటే దిద్ది తిప్పి పంపారు. బొమ్మ కింద మేం ‘పల్లెపడుచు’ అని వేశాం, ఇంటర్నెట్‌లో అలాగే ఉంది. దాన్ని కొట్టేసి, నాన్నగారు పెట్టిన పేరు రాశారు: ‘మా అక్క’.