పని నచ్చలేదా, వీసా నచ్చలేదా?

పోయిన నెల ఇక్కడ అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని మిడిల్‌టౌన్ సత్యనారాయణ స్వామి గుడిలో వ్రతం అయ్యాక, పులిహోర ప్లేటు పట్టుకుని పార్కింగ్‌లో నిలబడి ఉంటే ఒక కుర్రాడు వచ్చి పలకరించాడు. నరసరావుపేట వైపు అబ్బాయి. ఇక్కడే ఎమ్మెస్ చేశాడు. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఎనిమిది నెలలుగా హార్ట్‌ఫోర్డ్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాడు. కాసేపు చలి గురించి, అద్దెల గురించి మాట్లాడి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడిగాడు: "అంకుల్, నిజం చెప్పండి. ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నారు కదా, మీకు మీ పని ఇష్టమేనా?"

అంకుల్ అన్నందుకు మనసు చివుక్కుమంది గానీ, అడిగింది మంచి ప్రశ్నే. దానికి నేను చెప్పిన జవాబు "ఆ, నడుస్తోంది తమ్ముడూ". ఇంటికి వస్తూ కార్లో అనుకున్నాను, ఇదే మాట దాదాపు 20 ఏళ్ళుగా అందరికీ చెబుతున్నానని. అమ్మ ఫోన్లో అడిగినా నడుస్తోంది, బావమరిది అడిగినా నడుస్తోంది. ఎడ్లబండి గురించి చెప్పినట్టు. అందుకే ఆ అబ్బాయికీ, అతనిలా కొత్తగా వచ్చినవాళ్ళకీ కాస్త వివరంగా చెబుదామని ఇది రాస్తున్నాను.

ముందు ఒక అపోహ. ఈ దేశంలో అందరూ తమకిష్టమైన పనే చేస్తున్నారని, మనం మాత్రమే ఎంసెట్ ర్యాంకు తోసిన చోట పడ్డామని కొత్తలో అనిపిస్తుంది. నేను 2006 అక్టోబర్‌లో వచ్చినప్పుడు మా టీంలో ఒక పెద్దాయన ఉండేవాడు. పొద్దున్నే "ఎలా ఉన్నారు" అంటే, "లివింగ్ ద డ్రీమ్" అనేవాడు. నేను నిజమే అనుకుని, రోజూ ఆ మనిషిని చూసి కుళ్ళుకునేవాణ్ణి. అది ఎకసెక్కమని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మన "నడుస్తోంది"కి వాళ్ళ మాట అది, అంతే. ఆయన 30 ఏళ్ళు పైగా అదే ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఆయన మనసంతా చేపలు పట్టే పడవ మీద ఉండేది, ఉద్యోగం దానికి పెట్రోలు డబ్బులు ఇచ్చేది. అందులో ఆయనకి ఏ బాధా కనిపించలేదు.

ఇక నా సంగతి. చదివింది మెకానికల్. చేసిన కోర్సు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్, అంటే బ్యాంకులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ వాడే పాతకాలపు పెద్ద కంప్యూటర్లు. ఎందుకు మెయిన్‌ఫ్రేమ్ అంటే, మా రూమ్మేటు అందులో చేరాడు కాబట్టి. ఫీజు ఇద్దరికీ కలిపి తగ్గించారు. నా కెరీర్ ఎంపిక వెనక ఉన్న మేధోమథనం మొత్తం అదే.

అలా ఇన్సూరెన్స్ కంపెనీల ఊరైన హార్ట్‌ఫోర్డ్ వచ్చి పడ్డాను. తెచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు గెస్ట్‌హౌస్‌లో రెండు నెలలు ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా, అంటే బెంచ్ మీద, కూర్చోబెట్టి జీతం ఇవ్వలేదు. హెచ్‌1బీ (కంపెనీ ద్వారా వచ్చే ఉద్యోగ వీసా) మీద ఉన్న మనిషిని బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాల్సిందేనని చట్టం చెబుతుందని అప్పట్లో నాకు తెలియదు. మీకిప్పుడు తెలిసింది కాబట్టి పే స్టబ్‌లు (జీతం చీటీలు) ఒక్కటి కూడా పారేయకండి.

తర్వాత ప్రాజెక్ట్ దొరికింది. రాత్రిపూట వాటంతటవే నడిచే బ్యాచ్ జాబ్‌లు (ఒకేసారి లక్షల రికార్డులు చూసే ప్రోగ్రాములు) ఎక్కడైనా ఆగిపోతే లేచి చూడటం నా పని. మెయిన్‌ఫ్రేమ్ చేసినవాళ్ళకి "సాక్ సెవెన్" అంటే చాలు, నిద్రలో కూడా ఉలిక్కిపడతారు. అంకె ఉండాల్సిన చోట ప్రోగ్రామ్‌కి ఖాళీయో, అక్షరమో తగిలితే వచ్చే అబెండ్ (ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోవడం) అది. లక్షల రికార్డుల్లో ఆ ఒక్క రికార్డు ఎక్కడుందో పట్టుకోవాలి. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే నా గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి. తెల్లవారి మా ఆవిడతో "ఈ పని నావల్ల కాదు, నాకు ఇష్టం లేదు" అనేవాణ్ణి. అలా ఒక్కసారి కాదు, పదిహేనేళ్ళు అన్నాను.

ఆ దడ దేని గురించో అప్పుడు అర్థం కాలేదు. 2009లో మా పక్క క్యూబ్ అతన్ని ఒక గురువారం తీసేశారు. రెండు వారాల్లో కారు తెగనమ్మి, భార్యాపిల్లలతో విమానం ఎక్కాడు. అప్పట్లో ఉద్యోగం పోతే ఉండటానికి 60 రోజుల గ్రేస్ పీరియడ్ కూడా లేదు. అది 2017 జనవరిలో వచ్చింది. కాబట్టి రాత్రి ఫోన్ మోగినప్పుడల్లా నాకు కనబడింది అబెండ్ కాదు, అతని కారు.

పైగా పక్కన ఊరించేవాళ్ళు. 2007 జూలైలో, గ్రీన్‌కార్డు క్యూ ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌లో ఒక్కసారిగా దాదాపు అందరి డేట్లూ కరెంట్ అయ్యాయి, అంటే క్యూలో ఆగకుండా చివరి దరఖాస్తు వేసుకోవచ్చు. వెంటనే వెనక్కి తీసుకున్నారు, గొడవయ్యాక మళ్ళీ ఆగస్టు 17 దాకా అవకాశం ఇచ్చారు. నాకంటే ఏడాది ముందు వచ్చిన స్నేహితులు ఆ గేటు తెరిచినప్పుడు దూరిపోయి ఈఏడీ (ఏ కంపెనీలోనైనా పనిచేసే అనుమతి కార్డు) తెచ్చుకున్నారు. మా కంపెనీ అప్పటికి నాకు గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టైన లేబర్ దరఖాస్తు కూడా వేయలేదు. నా ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నా చోటు చెప్పే తేదీ, 2011 మార్చి. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అనే నియమం ఉంది కదా, ఆ క్యూలో నిలబడి నిలబడి 2020 అక్టోబర్‌లో చివరి దరఖాస్తు వేయగలిగాను. కోవిడ్‌లో కాన్సులేట్‌లు మూతపడి, కుటుంబాల కోటాలో మిగిలిపోయిన వీసాలు ఉద్యోగాల కోటాకి వచ్చాయి. మామూలుగా ఏడాదికి 1,40,000 ఉండేవి ఆ ఏడాది 2,60,000 దాటాయి. ఊళ్ళన్నీ మూసిన రోగం మాకు తలుపు తీసింది. చెప్పుకోవడానికి ఇప్పటికీ అదోలా ఉంటుంది.

2021లో గ్రీన్‌కార్డు చేతికొచ్చాక మా ఆవిడతో అన్నాను, నెలలో మానేస్తాను చూడు అని. ఏం చేయాలో జాబితా కూడా రాసుకున్నాను. మొక్కల నర్సరీ, పిల్లలకి లెక్కలు చెప్పడం, ఇడ్లీ పిండి వ్యాపారం (ఇది ప్రతి ఎన్నారై జాబితాలోనూ ఉంటుంది). మూడు వారాలు సెలవు పెట్టి ఇండియా వెళ్ళొచ్చాను. వచ్చిన వారమే ఆన్‌కాల్ (రాత్రి ఫోన్ వస్తే లేవాల్సిన వంతు). రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. సాక్ సెవెన్. లేచాను, ల్యాప్‌టాప్ తెరిచాను, టీ పెట్టుకున్నాను. టీ పెట్టుకున్నానని తర్వాత గమనించాను. అంతకుముందు అన్నేళ్ళలో ఎప్పుడూ పెట్టుకోలేదు. డంప్ (ప్రోగ్రామ్ ఆగినప్పటి మెమరీ నకలు) చదువుతూ, ఒక పాలసీ రికార్డులో ప్రీమియం ఉండాల్సిన చోట ఖాళీని పట్టుకునేసరికి మూడున్నరైంది. నిద్ర రాలేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. మా ఆవిడని లేపి చెబితే, "ఇష్టం లేదన్న పని గురించి ఈ టైములో లేపి చెప్తారా" అని అటు తిరిగి పడుకుంది.

అప్పుడు తెలిసింది నాకు, వెతికి పట్టుకోవడం అనేది నాకు ఇష్టమని. ఎప్పటి నుంచో ఇష్టమే. నా జాబ్ కాకపోయినా పక్కవాడి అబెండ్ చూడటానికి వెళ్ళి కుర్చీ వెనక నిలబడేవాణ్ణి కదా, ఇష్టం లేనివాడు అలా ఎందుకు నిలబడతాడు? 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ (మెయిన్‌ఫ్రేమ్‌ల మీద వాడే పాత ప్రోగ్రామింగ్ భాష) తెలిసినవాళ్ళు కావాలని టీవీలో అడిగితే, అమీర్‌పేట ఫీజు గుర్తొచ్చి ఛాతీ కాస్త ఉబ్బింది కూడా. ఇన్నేళ్ళూ నాకు నచ్చనిది పని కాదు, ఆ పని పోతే దేశమే వదలాలన్న భయం. రెండూ ఒకే కుర్చీలో కూర్చోవడం వల్ల ఏది ఏదో తెలియలేదు.

అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. నా స్నేహితుడొకడికి సరిగ్గా తిరగబడింది. వరంగల్ వైపు కాలేజీలో ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) చదివి, ఇరవై ఏళ్ళు జావా రాశాడు. మంచి పేరుంది, పనిలో తిట్టినవాళ్ళు లేరు. కార్డు వచ్చాక వాడికి భయం పోయింది, విసుగు మాత్రం అలాగే మిగిలింది. 44 ఏళ్ళకి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరాడు. నాలుగేళ్ళ శిక్షణ. "అమెరికా పోయి కరెంటు పని చేస్తున్నాడా" అని వాళ్ళ నాన్న ఊళ్ళో రెండు నెలలు బయటికి రాలేదట. డిగ్రీ కాగితం మీద ఉన్నది కూడా అదే కరెంటు కదా మావయ్యా అని నేను ఫోన్లో అంటే పెట్టేశారు. వాడి ఆదాయం సగానికి పడిపోయింది. ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ భార్య ఉద్యోగం నుంచి వస్తోంది కాబట్టి నెట్టుకొస్తున్నారు. ఈ ముక్క ఎవరూ చెప్పరు. ఇక్కడ ఇష్టమైన పనిలోకి దూకేముందు, ఇంట్లో రెండో మనిషి ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది మొదటి లెక్క.

రెండో మనిషి అంటే గుర్తొచ్చింది. ఈ ప్రశ్న మనం ఎప్పుడూ హెచ్‌1బీ ఉన్నవాణ్ణే అడుగుతాం. మా ఆవిడ గుంటూరులో జూనియర్ కాలేజీ బోటనీ లెక్చరర్. 2007లో హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా, అప్పట్లో దాని మీద పనిచేయకూడదు) మీద వచ్చి ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చుంది. నా పని నాకిష్టం లేదని నేను వాపోతుంటే, చేయడానికి పనే లేని మనిషి అది రోజూ వినేది. 2015 మేలో హెచ్‌4 వాళ్ళకి ఈఏడీ ఇవ్వడం మొదలుపెట్టారు. భర్తకో భార్యకో ఐ-140 (లేబర్ తర్వాత కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పెటిషన్) అప్రూవ్ అయి ఉంటే చాలు, నాది అయి ఉంది. ఇప్పుడు ఒక స్కూల్లో క్లాసు టీచరుకి సహాయకురాలిగా చేస్తోంది. నా జీతంలో నాలుగో వంతు కూడా రాదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పే కబుర్లు మాత్రం ఆమె దగ్గరే ఎక్కువ. మా ఇంట్లో పని ఇష్టమేనా అని అడిగితే వెంటనే అవునని చెప్పే మనిషి ఆమె ఒక్కతే.

సరే, కొత్తవాళ్ళు ఇప్పుడేం చేయాలి? కోపంలో రాజీనామా మాత్రం చేయకండి. ఓపీటీలో మొదటి 12 నెలల్లో కలిపి 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) చదివినవాళ్ళకిచ్చే 24 నెలల పొడిగింపు దొరికితే మొత్తం మీద 150 రోజులు. ఆ రోజులు పొదుపుగా వాడుకోవాల్సిన డబ్బు లాంటివి. కొత్త ఉద్యోగం మీ చదువుకి సంబంధించినదై ఉండాలి. స్టెమ్‌లో అయితే కంపెనీకి ఈ-వెరిఫై (ఉద్యోగి అర్హతని ప్రభుత్వం దగ్గర సరిచూసే పద్ధతి) ఉండాలి. అంతకుమించి మేనేజర్ నచ్చకపోయినా, పని నచ్చకపోయినా మారడానికి అడ్డేమీ లేదు. ఈ దశలో మారడం తేలిక, ఆ సంగతి హెచ్‌1బీలోకి వెళ్ళాక తెలుస్తుంది.

హెచ్‌1బీ మీద ఉన్నా బంధించి పెట్టేది ఏమీ లేదు. కొత్త కంపెనీ పెటిషన్ వేయగానే, అప్రూవల్ కోసం ఆగకుండా అక్కడ చేరవచ్చు. ఐ-140 అప్రూవ్ అయ్యాక, దాన్ని పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్ మీతోనే ఉంటుంది. కొత్త కంపెనీ లేబర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి, క్యూలో మీ చోటు మాత్రం పోదు. ఇది తెలియక ఒకే కంపెనీలో పళ్ళు బిగబట్టి కూర్చున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నేనూ కొన్నాళ్ళు కూర్చున్నాను.

ఇష్టమైన పని పక్కన చేసుకుందాం అంటారు కొందరు. జాగ్రత్త. హెచ్‌1బీ మీద వారాంతం ఫుడ్ డెలివరీ, డబ్బులు తీసుకుని పెళ్ళి ఫొటోలు, పార్టీలకి బిర్యానీ వండి పంపడం, ఇవన్నీ అనుమతి లేని పనులే. నగదు తీసుకున్నంత మాత్రాన పని కాకుండా పోదు. ఆదివారం పిల్లలకి డబ్బు తీసుకోకుండా తెలుగు నేర్పడం, గుడిలో వడ్డన, పెరట్లో బీరపాదులు, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. డబ్బు వచ్చే యూట్యూబ్ ఛానల్ లాంటివి మొదలుపెట్టే ముందు మాత్రం లాయరుకి ఫీజిచ్చి అడగండి, రూమ్మేటుని అడగకండి. నియమాలు కూడా మారుతుంటాయి, నేను చెప్పానని కాకుండా ఆ రోజున ఏముందో చూసుకోండి.

ఆ అబ్బాయికి పోయిన ఆదివారం ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మధ్యలో ఒకటి అడిగాను, నీది కాని బగ్ ఎవరైనా మాట్లాడుకుంటుంటే నువ్వు చెవి ఒగ్గుతావా, హెడ్‌ఫోన్ పెట్టుకుంటావా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "టెస్టింగ్ అయితే హెడ్‌ఫోన్ అంకుల్. డేటాబేస్ వాళ్ళు గొడవపడుతుంటే మాత్రం వింటాను" అన్నాడు. 40 లక్షల లోన్ ఉందని, వాళ్ళ నాన్న ఇల్లు తాకట్టు పెట్టాడని కూడా అప్పుడే చెప్పాడు. అయితే లోన్ తీరేదాకా టెస్టింగ్‌లోనే ఉండు, భోజనం టైములో ఆ డేటాబేస్ వాళ్ళ బల్ల దగ్గర కూర్చో అన్నాను. మార్చిలో హెచ్‌1బీ లాటరీ రిజిస్ట్రేషన్ ఉంటుంది, హెచ్‌ఆర్ వాళ్ళని ఫిబ్రవరిలోనే గుర్తుచేయమన్నాను. నన్ను అంకుల్ అనొద్దని కూడా చెప్పాను. సరే అంకుల్ అన్నాడు.